గలీసియా పోరగాళ్లు, మా అమ్మ ఫోన్ల మాట్లాడే తెలుగు

నేను చేసేది స్పానిష్ ప్రాసెస్ జాబ్. అక్కడి కంపెనీల ఇన్‌వాయిస్‌లు, వాటి మీద వచ్చే పంచాయితీలు, మెయిళ్లు, కాల్స్ అన్నీ ఇక్కడ నల్లగొండల కూసొని చూసుకుంట, కరోనా టైమ్ నుంచి వర్క్ ఫ్రమ్ హోమే. క్లయింట్ సైడ్ నుంచి మాకు ఒకాయన ఉంటడు, వీగో అనే ఊరు ఆయనది. మెయిల్ మొత్తం నీట్‌గ స్పానిష్‌ల రాస్తడు, కింద పేరు పెట్టే కాడికి వచ్చేసరికి మాత్రం వాళ్ల గలీసియన్ భాషల ఒక ముక్క పెడ్తడు. ఒకనాడు కాల్ అయిపోయినంక గదేంది అని అడిగిన, ఇగ అప్పటి నుంచి ముచ్చట బందయితే ఒట్టు. ఇయ్యాల రాసేది గా ముచ్చట గురించే, సగం ఆయన చెప్పినయి, సగం నేను చదువుకున్నయి, నడుమ నడుమ మన దిక్కు ముచ్చట్లు కూడ వస్తయి, ఏమనుకోకున్రి.

గలీసియా అంటే మ్యాప్‌ల స్పెయిన్‌కు ఎడమ దిక్కు పై మూలన, పోర్చుగల్ నెత్తి మీద ఉంటది. కొరూన్యా, లూగో, ఓరెన్సె, పోంతెవేద్రా అని నాలుగు ప్రావిన్సులు, రాజధాని సాంతియాగో. ప్రపంచం నలుమూలల నుంచి క్రిస్టియన్లు నడుచుకుంట పోతరే, గా యాత్ర ఆఖరైతది గా ఊర్లనే. జనం 27 లక్షల దాకా ఉంటరు. మన పాత నల్లగొండ జిల్లాలనే 2011 లెక్కల ప్రకారం 34 లక్షల పైన ఉన్నరు, అంటే ఎంత చిన్న జాగనో సూడున్రి.

కానీ భాష మాత్రం నిన్నమొన్నటిది గాదు. 13వ శతాబ్దంల కాస్తీల్ (ఇప్పటి స్పెయిన్‌ల ఒక పాత రాజ్యం) రాజు పదో అల్ఫోన్సో మరియమాత మీద 400 పైన పాటలు చేయించిండు, అవి ఉన్నది ఈ భాషలనే. రాజు కొలువుల నడిచే భాష వేరే, కానీ పాట కట్టాలంటే మాత్రం ఇదే అన్నట్టు ఉండె ఆ కాలంల. అప్పటికి ఇదీ పోర్చుగీసూ ఒక్కటే. పోర్చుగల్ సొంత రాజ్యమై దాని దారిన అది పోయింది, గలీసియా కాస్తీల్ కిందనే ఉండిపోయింది. ఇగ 16వ శతాబ్దం నుంచి 18 దాకా రాతల ఈ భాష కనబడుడే మస్తు తక్కువైంది. కచేరి స్పానిష్, కాయితం స్పానిష్, పెద్దోళ్లందరు స్పానిష్. ఆ కాలాన్ని వాళ్లు చీకటి శతాబ్దాలు అంటరు. పొలం కాడ, పొయ్యి కాడ మాత్రం జనం మాట్లాడుతనే ఉన్నరు, రాయనంత మాత్రాన నోరు ఆగదు గద.

1863ల రొసాలియా దె కాస్త్రో అనే ఆమె గలీసియన్‌ల ఒక పాటల పుస్తకం తెచ్చింది, మళ్ల లేచుడు అక్కడి నుంచే మొదలైంది అంటరు. నాకైతే గిది చదువుతుంటే మన సురవరం ప్రతాపరెడ్డి యాదికొచ్చిండు. మన పాలమూరు దిక్కు మనిషే. తెలంగాణల కవులే లేరు అని ఎవరో అంటే, ఎందుకు లేరో సూద్దాం పా అని 354 మంది కవులను ఒక్క కాడ పెట్టి 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. అంతకు ముందు 1921ల హైదరాబాద్ వివేకవర్ధినిల మీటింగు అయితే ఆలంపల్లి వెంకట రామారావు తెలుగుల మాట్లాడబోతే ఎగతాళి చేసి గోల పెట్టిన్రు, గా అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఏ దేశమైనా గింతేనేమో, నీ నోరు మంచిది గాదు అని ఎవడన్న అంటే తప్ప మనిషి లేవడు.

సరే, మళ్ల గలీసియాకు వస్త. నియంత ఫ్రాంకో పేరు విన్నరు గద, 1939 నుంచి 1975ల చచ్చేదాకా స్పెయిన్‌ను ఏలినోడు. గాయన పుట్టింది గలీసియాలనే, ఫెర్రోల్ అనే ఊర్లె. సొంత ఊరోళ్ల భాషను బడిల, ఆఫీసుల అడుగు పెట్టనియ్యలే. అయినా 1963ల, రొసాలియా పుస్తకానికి నూరేండ్లు అయినప్పుడు, మే 17ను వాళ్ల సాహిత్య దినంగ పెట్టుకున్నరు, ఫ్రాంకో బతికుండంగనే. ఇప్పటికీ ప్రతి ఏడు గా రోజు సెలవు. మనకు సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు తెలంగాణ భాషా దినోత్సవం ఉన్నట్టు, కాకపోతే వాళ్లకు సెలవు ఉన్నది మనకు లేదు, గా తేడా పిల్లలకు మస్తు పెద్దది.

ఫ్రాంకో పోయినంక కథ మారింది. 1981ల సొంత ప్రభుత్వం, 1983ల భాషా చట్టం, 1985ల గలీసియన్ టీవీ ఛానల్. బడిల గలీసియన్ కంపల్సరీ. మా వీగో ఆయన చిన్నప్పుడు జపాన్ కార్టూన్లు గలీసియన్ డబ్బింగ్‌లనే సూసిండట. అందరు పిల్లలు సూసెటోళ్లు, కానీ పొద్దుగాల గ్రౌండ్‌ల గదే కార్టూన్ ఆట ఆడేటప్పుడు మాత్రం స్పానిష్‌ల కొట్లాడుకునేటోళ్లట. టీవీల హీరో గలీసియన్ మాట్లాడుతడు, సూసే పిల్లలు మాట్లాడరు. గీ ముచ్చట నాకు మస్తు నచ్చింది, ఎందుకంటే మొత్తం సమస్య గా గ్రౌండ్‌లనే ఉన్నది.

చట్టం ఉన్నది, టీవీ ఉన్నది, బడి ఉన్నది, ఇంకేం తక్కువ. అయినా పిల్లల నోట్లకెళ్లి జారిపోతనే ఉన్నది. 2023ల వాళ్ల గణాంకాల సంస్థ చేసిన సర్వేల 5 నుంచి 14 ఏండ్ల పిల్లలల్ల దాదాపు మూడో వంతు మందికి గలీసియన్ మాట్లాడుడు కొద్దిగనే వస్తది లేకుంటే అసలే రాదు అని తేలింది. రోజూ మాట్లాడేదాంట్ల స్పానిష్ మొదటిసారి గలీసియన్‌ను దాటింది గా లెక్కలనే. అంటే యూట్యూబ్‌ల గలీసియన్ పాటలు లక్షల వ్యూస్ తెచ్చుకుంటున్న టైమ్‌లనే ఇండ్లల్ల భాష తగ్గుతున్నది. ఆన్‌లైన్‌ల గలీసియన్ లేస్తున్నది లేస్తున్నది అని రాసేటోళ్లు సగం ముచ్చటే రాస్తున్నరు అనిపిస్తది నాకు.

ఎందుకు తగ్గిందంటే, మా వీగో ఆయన వాళ్ల అమ్మమ్మ ముచ్చట చెప్తడు. ఆమెది ఓరెన్సె దిక్కు పల్లె, పుట్టినప్పటి నుంచి గలీసియన్ తప్ప ఇంకోటి లేదు. పెండ్లయినంక వీగో వచ్చిన్రు. పక్కింటామెతోని, చెల్లెతోని, తాతతోని, బర్రెల ముచ్చటైనా బాకీల ముచ్చటైనా గలీసియన్. మనుమడు దగ్గరికి రాంగనే స్పానిష్. అది కూడ ఆమెకు సరిగ రాని స్పానిష్. ఈయన పంతొమ్మిది ఇరవై ఏండ్లప్పుడు సాంతియాగో యూనివర్సిటీల చదువుకుంట, అక్కడి సోపతులను చూసి ఇగ నేను గలీసియనే మాట్లాడుత అని తీర్మానం చేసుకొని సెలవులకు ఇంటికొచ్చి అమ్మమ్మను గలీసియన్‌ల పలకరిస్తే, ఆమె స్పానిష్‌ల జవాబిచ్చిందట. ఈయన గలీసియన్, ఆమె స్పానిష్, ఒకే టేబుల్ మీద సూప్ తాగుకుంట. చాన రోజులు గట్లనే నడిచిందట. నన్ను ఆటపట్టిస్తున్నవా అని కూడ అడిగిందట. ఆఖరికి ఒకనాడు ఏదో గిన్నె చేయి జారి కిందపడి పలిగితే గలీసియన్‌ల తిట్టింది, ఇగ అప్పటి నుంచి తిట్లతోని మొదలై మాటలు కూడ వచ్చినయంట.

నేను నవ్విన గానీ నాకు మా అమ్మ కనబడ్డది. మా అమ్మోళ్లది చింతపల్లి మండలం. ఫోన్ చేస్తే నాతోని ఏం మాట్లాడుతదంటే, బువ్వ తిన్నవా బిడ్డ, అల్లుడు వచ్చిండా, గా బత్తాయి తోట కౌలుకు ఇచ్చిన్రంట విన్నవా, గిట్ల. ఫోన్ మా పిలగానికి ఇయ్యంగనే గొంతు మారుతది. "టిఫిన్ చేశావా కన్నా? స్కూలుకి వెళ్లావా? మిస్సు ఏం చెప్పింది?" సీరియల్‌ల అత్తగారు మాట్లాడినట్టు. నేను పక్కన కూసొని, అమ్మా నువ్వు ఎవరితోని మాట్లాడుతున్నవే అని అడిగితే ఆమె ఏమన్నదంటే, వానికి మన మాట అంటితే బడిల నవ్వుతరు గద బిడ్డ, నీకు నవ్వలేదా. నిజమే, నవ్విన్రు, నేను హైదరాబాద్‌ల హాస్టల్‌ల ఉన్నప్పుడు. గది ఆమెకు ఇప్పటిదాక యాదున్నది. మా పిలగాని బడిల కూడ "పోయిండు" అనొద్దు "వెళ్లాడు" అనాలె అని టీచర్ చెప్పి పంపింది, వాడు ఇంటికొచ్చి నన్ను దిద్దుతున్నడు. సినిమాలల్ల ఇప్పుడు హీరోలే మన యాస మాట్లాడుతున్నరు, రీల్స్ నిండ మనదే, రాష్ట్రం వచ్చి ఇన్నేండ్లు అయింది, అయినా మా అమ్మ భయం పోలే.

ఒకటి మాత్రం చెప్పాలె, మనది యాస, వాళ్లది భాష. తెలుగుకు ఏం కాదు, కోట్ల మంది ఉన్నరు. కాబట్టి గలీసియాకు సరిగ్గ జోడి కుదిరేది మన యాస గాదు, మన పక్కనే లంబాడోళ్లు మాట్లాడే గోర్ బోలి, లంబాడి భాష అంటం గద, గది. మా కాలనీల నాకు అక్క లాంటి సోపతి ఉన్నది, దేవరకొండ దిక్కు తండా ఆమెది, నర్సుగ చేస్తది. వాళ్లమ్మతోని లంబాడిల మాట్లాడుతది, వాట్సాప్‌ల తెలుగు అక్షరాలతోని లంబాడి టైప్ చేస్తది, పిల్లలతోని మాత్రం తెలుగు, ఇంగ్లీష్. శ్రావణంల తీజ్ పండుగకు తండాకు పోతే గోధుమ మొలకల బుట్టల చుట్టు ఆడపిల్లలు పాడే పాటలు ఆమె బిడ్డకు లైన్ లైన్ వస్తయి, దాని అర్థం అడిగితే తెలువదు. 2011 లెక్కలల్ల మా భాష లంబాడి అని చెప్పినోళ్లు దేశం మొత్తంల 32 లక్షల పైన ఉన్నరు, గలీసియా మొత్తం జనం కన్నా ఎక్కువ. కానీ గా లెక్కను హిందీ ఖాతల కలిపేసిన్రు. వాళ్లకు సర్కారు టీవీ ఛానల్ లేదు, చట్టం లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌ల పేరు లేదు. వీగో ఆయనకు గిది చెప్తే కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత "మేం కొంచెం ఎక్కువ ఏడుస్తున్నట్టున్నం" అన్నడు. నేను గట్లేం లేదన్న, ఎవరి ఏడుపు వాళ్లది.

ఇప్పుడు పోరగాళ్ల ముచ్చట. స్పానిష్ మాట్లాడుకుంట పెరిగి, వయసుకొచ్చినంక కావాలని గలీసియన్‌కు మారేటోళ్లను అక్కడ నెఓఫలాంతెలు అంటరు, కొత్తగ మాట్లాడేటోళ్లు అన్నట్టు. మా వీగో ఆయన గా బాపతే. మారుడు ఎట్లుంటదంటే ఒక్కనాడు మారుతే అయిపోదు. నిన్నటిదాక స్పానిష్‌ల మాట్లాడిన సోపతిగాళ్లతోని ఇయ్యాల గలీసియన్‌ల మాట్లాడితే వాళ్లు నీకేమైంది రా అని చూస్తరు. అందుకని ఈయన కొత్తగ పరిచయమయ్యేటోళ్లతోని మాత్రమే మొదలుపెట్టిండట, పాతోళ్లతోని మెల్లమెల్లగ. అమ్మానాన్నతోని అన్నిటికన్నా కష్టమైందట. షాపుల గలీసియన్‌ల అడిగితే స్పానిష్‌ల జవాబు, బ్యాంకుల గలీసియన్‌ల అడిగితే రాజకీయం మాట్లాడుతున్నవా అన్నట్టు ఒక చూపు. పల్లెల ముసలోళ్లు మాట్లాడితే పల్లెటూరోడు అంటరు, సిటీ పోరడు మాట్లాడితే పార్టీవోడు అంటరు, మామూలు మనిషి లెక్క మాట్లాడే ఛాన్సే లేదు అంటడు.

పైగా ఇంకో తలనొప్పి. వాళ్ల భాషల ఏడు అచ్చుల శబ్దాలు, స్పానిష్‌ల అయిదే. సిటీల పెరిగినోళ్లకు గా రెండు శబ్దాల తేడా నోటికి రాదు, మా పిలగానికి ళ రానట్టు, నీల్లు అంటడు, పెల్లి అంటడు. దాంతోని పల్లెల పుట్టి పెరిగినోళ్లు వీళ్లను చూసి, మీది పుస్తకం గలీసియన్, టీవీ గలీసియన్ అని నవ్వుతరు. మరి గా పల్లెటోళ్ల మాట ఏమన్న గౌరవంగ చూసిన్రా అంటే అదీ లేదు. పడమటి దిక్కు పల్లెలల్ల గ శబ్దాన్ని హ లెక్క పలుకుతరు, దాన్ని ఎన్నో ఏండ్లు మోటు అని వెక్కిరించిన్రు. ఇప్పుడు కొంతమంది పోరగాళ్లు, పాడేటోళ్లు గా హ ను దాచిపెట్టకుంట పలుకుతున్నరు. మా వీగో ఆయన మాత్రం పలకడు, అది మా అమ్మమ్మ ఊర్ల లేదు, నేను పలికితే వేషం అయితది అంటడు. గీ మాట నాకు నచ్చింది.

వీళ్లకు స్పెల్లింగ్ లొల్లి కూడ ఉన్నది, ఒక వర్గం స్పానిష్ పద్ధతికి దగ్గరగ రాస్తరు, 1906ల పెట్టిన వాళ్ల అకాడమీది గదే దారి, ఇంకో వర్గం మనది పోర్చుగీసుతోని ఒక్కటే భాష, అట్లనే రాయాలె అంటరు. అట్ల రాస్తే బ్రెజిల్ దాకా పాఠకులు దొరుకుతరు గద అని వాళ్ల వాదన. గా లొల్లిలకు నేను పోను, ఉన్న పిడికెడు మంది మళ్ల రెండు గుంపులైతే ఎట్ల అనిపిస్తది గానీ వాళ్ల ఇంటి ముచ్చట వాళ్లది.

పాటలు మాత్రం నిజంగనే దుమ్ము లేపుతున్నయి. 2022ల యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌కు స్పెయిన్ తరఫున ఎవరు పోవాలె అని పెట్టే బెనిదోర్మ్ ఫెస్ట్ పోటీల తాన్షుగేయ్రాస్ అని ముగ్గురు అమ్మాయిలు గలీసియన్‌ల పాడిన్రు. చేతుల పందెయ్రెత, మన కంజీర లాంటిది. జనం ఓట్లు అందరికన్నా వీళ్లకే ఎక్కువ పడ్డయి, జ్యూరీ మార్కులు తక్కువేసింది, మూడో ప్లేస్ వచ్చింది, మా వీగో ఆయన ఇప్పటికీ గా జ్యూరీని తిడ్తడు. 2023ల వీగో ఫుట్‌బాల్ క్లబ్ సెల్టాకు నూరేండ్లు అయితే సి. తంగానా అనే మాడ్రిడ్ గాయకుడు, వాళ్ల నాన్నది వీగోనే, గలీసియన్‌ల క్లబ్ పాట చేసిండు. మ్యాచ్ రోజు స్టేడియం మొత్తం పాడుతరు, ఇంట్ల గలీసియన్ మాట్లాడనోళ్లు కూడ. 2025ల అయితే మే 17 సాహిత్య దినాన్ని ఎవరో పెద్ద రచయితకు గాకుండ పల్లెలల్ల పందెయ్రెత కొట్టుకుంట పాడే ఆడోళ్లకు, వాళ్ల నోటి పాటలకు ఇచ్చిన్రు. గిది చదివి నేను ఆయనకు మా అమ్మోళ్ల ఊర్ల బతుకమ్మ వీడియో పంపిన. సద్దుల రోజుది, మా అమ్మ ముందు పట్టు పాడుతుంటే మిగిలినోళ్లు ఉయ్యాలో అని అందుకుంటరు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏందో తెల్సా, గా చివరికి నిలబడ్డ చిన్నపిల్లలకు కూడ మాటలు వస్తయా అని. మళ్ల పెట్టి చూసిన, ఉయ్యాలో ఒక్కటే గట్టిగ అంటున్నరు పిల్లలు, నడుమ మాటలు పెద్దోళ్లవే.

స్టేజీ ఎక్కితే సరిపోదు అని నేననేది గిందుకే. 2010ల అక్కడి ప్రభుత్వం ఒక డిక్రీ, అంటే సర్కారు ఉత్తర్వు, తెచ్చింది, ఫెయిహో ముఖ్యమంత్రిగ ఉన్నప్పుడు. బడిల సబ్జెక్టులు గలీసియన్‌ల కొన్ని, స్పానిష్‌ల కొన్ని అని పంచిన్రు, వినడానికి న్యాయంగనే ఉంటది. కానీ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, టెక్నాలజీ అన్నీ స్పానిష్ దిక్కు పోయినయి. గలీసియన్‌కు సోషల్, బయాలజీ లాంటివి మిగిలినయి. పదేండ్ల పిలగాడు దాన్నుంచి ఏం అర్థం చేసుకుంటడు, పని భాష ఒకటి, పండుగ భాష ఒకటి అని అర్థం చేసుకుంటడు. దాని మీద ఊరేగింపులు తీసిన్రు, సాంతియాగోల వేల మంది రోడ్డెక్కిన్రు, డిక్రీ మాత్రం పోలే. మన కాడ 2018ల బడిల తెలుగు కంపల్సరీ అని చట్టం తెచ్చిన్రు, 2022-23 నుంచి సర్కారు బడులల్ల కూడ ఇంగ్లీష్ మీడియం వచ్చింది. రెండూ అవసరమే అంటరు, నేను కాదనను, నా కొడుకు కూడ ఇంగ్లీష్ మీడియమే, స్పానిష్ రాకపోతే నాకే జాబ్ లేదు. కాకపోతే తెలుగు పీరియడ్ అంటే వానికి ఇప్పటికే పద్యం బట్టీ పట్టే గంట అయిపోయింది.

మా వీగో ఆయనకు ఇప్పుడు పాప పుట్టింది. భార్యది మాడ్రిడ్ దిక్కు, ఆమె స్పానిష్, ఈయన పాపతోని గలీసియన్ తప్ప ఇంకోటి మాట్లాడ అని కూసున్నడు. వాళ్లమ్మ ఏమో పిల్ల ఆగమైతది, ఏదో ఒకటి మాట్లాడున్రి అంటున్నదట. అమ్మమ్మ లేదు, ఉంటే ఎవరి దిక్కు ఉండెనో. వీగో లాంటి సిటీల గలీసియన్‌లనే ఆడుకునే, మాట్లాడుకునే చిన్నపిల్లల బడి దొరుకుడు కష్టం, అందుకే తల్లిదండ్రులు, భాష సంఘాలోళ్లు కలిసి సొంతంగ పెట్టుకున్న సెమెంతె అనే బడులున్నయి, మొదటిది 2011ల సాంతియాగోల మొదలైంది. సర్కారు బడి గాదు, ఖర్చు ఇంటోళ్లే పెట్టుకోవాలె. పాప కోసం ఇప్పటినుంచే గా లెక్కలు వేస్తున్నడు, ఇంటి లోను ఉన్నది, ఎట్ల కడ్తనో అంటున్నడు. ఊకో, మా కాడ చూడు అని మా పిలగాని ఎల్‌కేజీ ఫీజు చెప్పిన. యూరోలల్లకు మార్చి చూసుకొని, మీ జీతాలకు గిది చాన ఎక్కువ గద, ఏ భాష నేర్పిస్తరు అక్కడ అని అడిగిండు.

ఇంగ్లీష్ అన్న.